చింతపండుతో తోమిన లక్ష్మి

...కోపం కూడా ఒక ఆస్తే, అనుకున్నాడు భవానీప్రసాద్, లేవకుండా మంచం మీద పడుకునే. ఆస్తి ఉన్నవాడికి నిద్ర పట్టదంటారు గానీ తనకి ఈ వారమంతా బ్రహ్మాండంగా పట్టింది. పెళ్ళయినప్పటి నుంచీ ఈ ఇంట్లో తప్పులన్నీ తన పేరు మీదే ఉన్నాయి. గ్యాసు బుక్ చెయ్యడం మరిచిపోయింది తను. మామగారి తద్దినం నాడు అత్తవారింటికి ఉల్లిపాయ పకోడీలు పట్టుకెళ్ళింది తను. కూతుర్ని బడిలో దింపుతానని బయల్దేరి, తిన్నగా కొట్టుకి తీసుకుపోయి, సాయంత్రం దాకా బెల్లం దిమ్మల మధ్య కూర్చోబెట్టింది తను. భార్య జ్ఞానప్రసూనాంబ పేరు మీద ఒక్క తప్పు లేదు. పోయిన శుక్రవారం దాకా లేదు.

పోయిన శుక్రవారం ఆమె ఆ రెండు రూపాయల బిళ్ళను చింతపండుతో తోమింది.

కళ్ళు మూసుకుని ఆ మాటను మళ్ళీ మనసులో అనుకున్నాడు. పటికబెల్లం ముక్క బుగ్గన పెట్టుకున్నట్టుంది.

అన్యాయం జరిగినవాడి నడకే వేరు. ఈ వారం రోజులుగా తను మెల్లగా నడుస్తున్నాడు. మెల్లగా మాట్లాడుతున్నాడు. నిన్న అద్దంలో చూసుకుంటే మెడ కూడా కాస్త పొడుగైనట్టు అనిపించింది. గాంభీర్యం అంటే ఇదే కాబోలు. ఇంతకాలం తనకది లేదని బాధపడ్డాడు గానీ, దానికి కావలసిందల్లా ఎదుటివాళ్ళు చేసిన ఒక్క తప్పు అని తెలియలేదు.

ఒక్కటే లోటు. కాఫీ.

బిళ్ళను పాడుచేసినందుకు ప్రాయశ్చిత్తంగా ప్రసూన కాఫీ మానేసింది. "మిమ్మల్ని తాగొద్దని నేనన్నానా?" అంది గానీ, ఫిల్టరును కడిగి తుడిచి అటక మీద పెట్టేసింది. అది దించాలంటే స్టూలు కావాలి. స్టూలు ఎక్కి కాఫీ ఫిల్టరు దించుకునే మనిషికి గాంభీర్యం ఎక్కడినుంచి వస్తుంది?

వంటింటి వైపు నుంచి ఆవాల చిటపట వినిపించింది. లేచాడు.

లహరి బల్ల దగ్గర కూర్చుని ఒక చేత్తో ఉప్మా తింటూ, ఇంకో చేత్తో ఫోను చూస్తోంది. ప్రసూన నుదుటికి తడిగుడ్డ కట్టుకుని పొయ్యి దగ్గర నిలబడి ఉంది. కాఫీ లేని తలనొప్పి.

"లహరీ, మీ నాన్నగారికి ఉప్మా చల్లారిపోతోందని చెప్పు."

"నాన్నా, ఉప్మా."

"నాకు ఆకలి లేదని చెప్పమ్మా."

"అమ్మా, ఆకలి లేదంట."

"జీడిపప్పు వేశానని చెప్పు."

కుర్చీ లాగిన చప్పుడైంది.

"కొంచెం పెట్టమను," అన్నాడు భవానీప్రసాద్.

కంచం వచ్చింది. కొంచెం కాదు, ఎప్పటంతే వచ్చింది. తలొంచుకుని తిన్నాడు.

"ఇవ్వాళ నందిగామ వెళ్తారా అని అడుగు," అంది ప్రసూన, పొయ్యి వైపు తిరిగి.

"వెళ్తున్నా. నెహెమ్యా మాస్టారు రమ్మన్నారు. ఎంత నష్టం జరిగిందో తేలుస్తారు. ఆయన దగ్గర పెద్ద లెన్సుందంట."

"ఎంత నష్టమైనా బాధ్యత నాదే అని చెప్పు."

"బాధ్యత ఎవరిదో ఊరందరికీ తెలుసులే అని చెప్పు."

"అబ్బా, నేనేమన్నా స్పీడ్ పోస్టునా?" లహరి ఫోను బల్ల మీద పెట్టింది. "ఇద్దరూ రెండడుగుల దూరంలో ఉన్నారు. డైరెక్టుగా తిట్టుకోండి."

ప్రసూన ఇటు తిరిగింది. కూతురితోనే అంది, చూపు మాత్రం అతని మీదుంది.

"దేవుడి గదిలో ముఖమల్ గుడ్డ పరిచి దాన్ని పెట్టిందెవరు? సాక్షాత్తూ లక్ష్మి అన్నదెవరు? శుక్రవారం పూట దేవుడి గదిలో ఉన్న ఏ వస్తువైనా చింతపండు పడకుండా బయటికొస్తుందా ఈ ఇంట్లో? కుందులు తోమా. గంట తోమా. హారతి పళ్ళెం తోమా. అంత తళతళలాడే సామాను మధ్యన లక్ష్మి ఒక్కతీ నల్లగా కూర్చునుంటే ఎట్టా వదిలేస్తా?"

"అది నలుపు కాదు!" డైరెక్టుగా అనేశాడు. "టోనింగు అంటారు దాన్ని! ముట్టుకోకూడదు! అంచు పట్టుకుని ఎత్తాలి!"

"బోర్డు పెట్టాల్సింది."

"తోమితే తోమావు, అంతలా రుద్దాలా?"

"చింతపండులో పులుపు లేదు మరి. మన కొట్లోదేగా. అమ్ముడుపోని సరుకు ఇంటికి పంపిస్తారుగా."

భవానీప్రసాద్ చింతపండు, బెల్లం హోల్‌సేలు వ్యాపారి. జగ్గయ్యపేటలో అతని సరుకును ఎవరూ ఇంతవరకూ వేలెత్తి చూపలేదు. సమాధానం వెతుక్కున్నాడు. సరుకు మంచిదంటే, ఆ మంచి పులుపే లక్ష్మిని తినేసిందని ఒప్పుకోవాలి. పాతదంటే వ్యాపారం పరువు పోతుంది. ఉప్మాలో మిరపకాయ ఏరి పక్కన పెట్టాడు.

ఆ బిళ్ళ గల్లాపెట్టెలో దొరికినప్పటి నుంచి అతని జీవితం మారిపోయింది. తొంభై ఎనిమిది నాటి పాత రెండు రూపాయలు. ఆ సంవత్సరం అంకెలు ఒక్కొక్కటీ రెండేసిగా ఉన్నాయి, ప్రతి అంకె పక్కనా దాని నీడ నిలబడ్డట్టు. ఫోనులో వీడియోలు చూశాడు. అచ్చులోనే దోషం ఉంటే ఇలా జంటగా పడతాయట. దాన్ని డబుల్ డై అంటారట. కొట్టుకి వచ్చిన ప్రతివాడి చేతికీ భూతద్దం ఇచ్చాడు. జగ్గయ్యపేట సగం వచ్చి చూసింది. చింతపండు మాత్రం ఎవరూ కొనలేదు.

"సాయంత్రం నాలుగింటికి మండలి మీటింగు," అంది ప్రసూన. "కోశాధికారి పని మానుకుంటున్నా. తాళంచెవి ఇచ్చేస్తా. ఇది లహరితో చెప్పటంలా. మీతోనే చెప్తున్నా."

లహరి తలెత్తింది. ఆ వారంలో ఆమె మీతోనే అని భర్తకి చెప్పిన మాట అదొక్కటే.

అమ్మవారి గుడి మహిళా మండలి హుండీకి ఎన్నో ఏళ్ళుగా ప్రసూనే కాపలా. పూల డబ్బులైనా, నూనె డబ్బులైనా ఆమె చేతిలో పడితేనే ఆడవాళ్ళకి నమ్మకం. పుట్టింటికి వెళ్ళినా ఆ తాళంచెవి నడుముకే ఉండేది. ఒకసారి జ్వరం వచ్చి, ఒళ్ళు తెలియని స్థితిలో కూడా, "కొబ్బరికాయల చిల్లర ఎవరికి ఇచ్చారు?" అని కలవరించింది.

ఎందుకు, అని అడగాలనుకున్నాడు. "నీ ఇష్టం," అన్నాడు.

చొక్కా తొడుక్కుంటుంటే పటికబెల్లం రుచి కాస్త మారినట్టు అనిపించింది. వద్దంటే తన కోపానికి విలువ ఉండదు. వద్దనకపోతే ఆమె నిజంగానే మానేస్తుంది. మానేసిన ప్రసూన ఎలా ఉంటుందో ఊహించబోయాడు. నుదుటి మీద తడిగుడ్డ తప్ప ఏమీ కనబడలేదు.

బిళ్ళను దూదిలో చుట్టి, చిన్న కుంకుమభరిణెలో పెట్టుకుని బస్సెక్కాడు.

*

నెహెమ్యా నందిగామ కాలేజీలో చరిత్ర చెప్తాడు. లహరికి డిగ్రీలో ఆయనే చెప్పాడు. ముందు గదిలో కిటికీ పక్కన బల్ల, దాని మీద మెడ వంచుకున్న లైటు, లెన్సులు. నాణేల పిచ్చి ఉన్న మనిషని చుట్టుపక్కల తెలుసు. వీరులపాడు నుంచీ, చెవిటికల్లు నుంచీ కూడా గుడ్డల్లో మూటగట్టుకుని వస్తుంటారు.

ఆయన భార్య మెర్లిన్ ముందే కాఫీ తెచ్చింది.

"చూశాక తాగుతానమ్మా," అన్నాడు భవానీప్రసాద్.

"ముందే తాగండన్నయ్యగారూ. మా ఆయన దగ్గరికి నవ్వుతూ వచ్చి నవ్వుతూ వెళ్ళినోళ్ళు లేరు. చూశాక ఎవరికీ దిగదు."

ఇంట్లో ప్రసూన మానేసినప్పుడు తను బయట తాగడం ధర్మం కాదనుకున్నాడు. అలా అనుకున్నట్టు గ్లాసు ఖాళీ అయ్యాక గుర్తొచ్చింది.

నెహెమ్యా బిళ్ళను అంచు పట్టుకుని ఎత్తాడు.

"ఎవరో తోమారు."

"మా ఆవిడండి," అన్నాడు. గొంతులో కొంచెం గర్వం ధ్వనించింది. "చింతపండుతో."

"బాగా తోమారు."

"సర్వనాశనమే కదండీ?" ఆశగా అడిగాడు.

నెహెమ్యా బల్ల మీద లైటు వేశాడు. లైటును పక్కకు వంచి, వెలుతురు బిళ్ళ మీద ఏటవాలుగా పడేలా చేశాడు. చాలాసేపు చూశాడు. ఆయన ముఖంలో ఏ మార్పూ రాలేదు. ఇలాంటి ముఖాలు డాక్టర్లకు ఉంటాయి.

"ఇటు రండి. మీరే చూడండి. ఏం కనిపిస్తోంది?"

"రెండేసి అంకెలు."

"రెండోది ఎట్టా ఉంది? మొదటి దానిలాగే ఉబ్బెత్తుగా ఉందా, లేకపోతే చదునుగా, పలకలా ఉందా?"

"ఉబ్బెత్తుగానే..."

"చూసి చెప్పండి."

"పలకలా ఉంది."

"మెట్టులాగా?"

"చిన్న మెట్టండి. చాలా చిన్నది."

"మెట్టు చిన్నదైనా మెట్టేనండి." నెహెమ్యా గొంతు సవరించుకున్నాడు. "ఇంకోటి చూడండి. అసలు అంకె సన్నబడింది. ఆ మెట్టు ఎక్కడినుంచి వచ్చింది? అంకెలోంచే వచ్చింది. బిళ్ళ మీద దెబ్బ పడ్డాక అచ్చు ఓ పిసరు అదిరి, అంకె భుజాన్ని పక్కకి నొక్కేసింది. అచ్చులోనే జంట ఉంటే ఇట్టా ఉండదు. అంకె లావెక్కుతుంది. రెండు రూపాలూ గుండ్రంగా తేలతాయి. మూలల్లో చీలిక పడుతుంది, పాము నాలుకలాగా."

"కొంచెం చీలిక ఉన్నట్టు లేదూ?"

"లేదండి."

"లెన్సు తుడిస్తే?"

నెహెమ్యా లెన్సు తుడిచాడు. భవానీప్రసాద్ మళ్ళీ చూశాడు. మెట్టు ఇంకా బాగా కనిపించింది.

"అయితే ఇది..."

"మెషిను అదురు. డబుల్ డై కాదు."

"వీడియోలో అచ్చం ఇట్టాంటిదే చూపించాడండి!"

"ఆ వీడియో నేనూ చూశానండి. అది చూసి ఈ నెలలో వచ్చినవాళ్ళంతా ఈ కుర్చీలోనే కూర్చున్నారు." కాస్త జాలిగా చూశాడు. "మీ ఇంట్లో జంతికలు చేస్తారా?"

"చేస్తారు. ఎందుకు?"

"జంతికల గొట్టంలో వేసే బిళ్ళ ఉంటుంది చూడండి, దాని చిల్లే రెండుగా పడిందనుకోండి. అప్పుడొచ్చే ప్రతి జంతికా జంటగానే వస్తుంది. అది డబుల్ డై. అట్టా కాకుండా నొక్కేటప్పుడు చెయ్యి వణికి, ఒక జంతిక పక్కకి జారి అతుక్కుంది. మీ బిళ్ళ అట్టాంటిది."

"అంటే ఇట్టాంటిది నాదొక్కటే అన్నమాట." కుర్చీలో ముందుకు జరిగాడు. "లోకంలో ఒక్కటే ఉంటే ఇంకా గొప్ప కదండీ?"

"అందరూ అదే అంటారు. కానీ ఒకే తప్పు, అదే చోట, అదే తీరులో మళ్ళీ మళ్ళీ వస్తేనే దాన్ని గుర్తుపడతాం. పేరు పెడతాం. వెతుక్కుంటాం. ఒక్కసారి అదిరినదాన్ని ఎవరు వెతుకుతారండీ? ఏ మెషినైనా అదురుతుంది."

"మరి దీని విలువ..."

"రెండు రూపాయలు."

"తోమకముందు?"

"రెండు రూపాయలే." నెహెమ్యా బిళ్ళను దూదిలో పెట్టాడు. "తోమడం తప్పేనండి, మంచి నాణేన్ని ఎప్పుడూ తోమకూడదు. కానీ ఇక్కడ తోమినందువల్ల పోయిందేమీ లేదు. పైగా ఆవిడ తోమబట్టే మెట్టు ఇంత స్పష్టంగా కనపడింది. మురికి ఉంటే నాకే ఇంకాస్త టైము పట్టేది."

భవానీప్రసాద్ బాధ కోసం ఎదురుచూశాడు. బిళ్ళ పోయినందుకు, కన్న కలలు పోయినందుకు, ఊరంతా నవ్వబోతున్నందుకు. అవేవీ రాలేదు. మెడ మాత్రం పొట్టిదైపోయినట్టు అనిపించింది. ఈ వారమంతా ఏ తప్పు మీద కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడో, ఆ తప్పును ఎవరో కిందనుంచి లాగేశారు.

"ఈ సంగతి మీరు ఎవరికైనా..."

"చెప్పనండి. డాక్టరు దగ్గరికి వచ్చినట్టే అనుకోండి."

"నేనూ చెప్పను," అంది మెర్లిన్ లోపలి నుంచి. తర్వాత గుమ్మంలోకి వచ్చింది. "పాపం, ఆవిడ ఎంత భయపడుతున్నారో. ఫోను చేసి చెప్పెయ్యండన్నయ్యగారూ. చార్జింగు లేకపోతే నా ఫోనిస్తా."

"చార్జింగుంది," అన్నాడు భవానీప్రసాద్.

*

ఆడవాళ్ళకి ఉచితం అయినప్పటి నుంచి బస్సులో మగవాళ్ళు తక్కువ. చిట్టచివరి సీట్లో, ఇద్దరు కూరగాయల ఆడవాళ్ళ మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు. ఒళ్ళో ఎవరిదో వంకాయల సంచి.

చెప్పాలి. అది తెలుస్తూనే ఉంది. ఎలా చెప్పాలన్నదే. "ప్రసూనా, ఆ బిళ్ళ మామూలు బిళ్ళే." అంతే కదా. నాలుగు మాటలు. ఆ తర్వాత ఆమె ఏమంటుంది? ఏమీ అనదు. అదే భయం. ఏమీ అనకుండా ఒకసారి చూసి, స్టూలు ఎక్కి ఫిల్టరు దించుతుంది. ఆ చూపు ఎలా ఉంటుందో అతనికి బాగా తెలుసు. పకోడీల నాడు చూసింది. బెల్లం దిమ్మల నాడు చూసింది. ఎప్పుడూ ఒకే చూపు.

ఎప్పుడూ ఒకే తప్పు కూడా, అని లోపల ఎవరో అన్నారు. నెహెమ్యా గొంతులా ఉంది.

నిజమే. తన తప్పులన్నీ ఒకే అచ్చువి. చెప్పింది వినకుండా ఊ కొట్టడం, తర్వాత ఏదో ఒకటి తెచ్చేయడం, తెచ్చాక అదే గొప్ప అని వాదించడం. ఏ ఏడాది తప్పును లెన్సు కింద పెట్టినా మూలల్లో అదే చీలిక కనబడుతుంది. ప్రసూనది? ఒక్కసారి. అదీ, శ్రద్ధ ఎక్కువై.

ఈ ఆలోచన పిలవకుండా వచ్చినందుకు దాని మీద కోపం వచ్చింది. వంకాయల సంచిని గట్టిగా పట్టుకున్నాడు.

"నలుగుతాయి బాబుగారూ," అంది పక్కావిడ.

ఫోను మోగింది. లహరి.

"నాన్నా, సారు ఏమన్నారు?"

"చూశారమ్మా."

"చూసి?"

"చాలా సీరియస్‌గా చూశారు."

"అదేంటి! అది డబుల్ డైయేనా? నిజంగా పాడయిందా?"

"ఇక్కడ టవర్ లేదమ్మా, వినబడటంలా."

"వంకాయలు నలుగుతాయి బాబుగారూ," మళ్ళీ అంది పక్కావిడ.

"నీ పక్కన ఎవరో వంకాయలు నలుగుతాయంటే నాకు వినపడింది నాన్నా!"

కట్ చేశాడు.

చిల్లకల్లు దాటుతుండగా దారి దొరికింది. అంత తేలికైనది ఇంతసేపూ తోచనందుకు తనకే నవ్వొచ్చింది. క్షమించేస్తే సరి! బిళ్ళ మాట ఎత్తనక్కరలేదు. అచ్చు మాట, మెట్టు మాట అక్కర్లేదు. "పోనీలే, జరిగిందేదో జరిగింది, నేను మనసులో పెట్టుకోలేదు" అంటే చాలు. ఆమె తాళంచెవి ఆమె దగ్గరే ఉంటుంది. తన మెడ పొడుగ్గానే ఉంటుంది. రాత్రికి ఫిల్టరు దిగుతుంది. క్షమ ఎంత గొప్ప గుణమో పెద్దలు ఊరికే చెప్పలేదు. దానికి నిజంతో పనే లేదు.

మిగిలిన దారంతా ఆ మాటను ఏ గొంతుతో అనాలో సాధన చేశాడు. పెదవులు కదులుతుంటే పక్కావిడ, స్తోత్రం చదువుతున్నాడనుకుందేమో, వంకాయల సంచి తన ఒళ్ళోకి తీసుకుంది.

*

గుడి పక్క హాలు మెట్ల మీద లహరి నిలబడి ఉంది. లోపల ఆడవాళ్ళ మాటలు తేనెపట్టులా వినిపిస్తున్నాయి. హాల్లోకి మగవాళ్ళు రాకూడదని బోర్డేమీ లేదు. ఎవరూ వెళ్ళగా మాత్రం అతను చూడలేదు.

"మొదలైందా?"

"ఇప్పుడే. ఏమన్నారు సారు?"

"అది తర్వాత. నువ్వు లోపలికెళ్ళి మీ అమ్మతో చెప్పు. నాన్న క్షమించేశాడని చెప్పు." సాధన చేసిన గొంతుతోనే అన్నాడు. కొంచెం బొంగురుగా, బాగానే వచ్చింది.

లహరి కదల్లేదు.

"ఏమైంది? వెళ్ళు."

"అమ్మ నిన్ను క్షమించమని అడిగిందా?"

"అడక్కపోయినా ఇస్తున్నా కదే."

"నువ్వు క్షమిస్తే ఏమవుద్ది నాన్నా? తప్పు చేసిందనేగా అర్థం? క్షమించారు కాబట్టి హుండీ తాళం నా దగ్గరే ఉంచుకుంటా అనే మనిషా అమ్మ?"

కాదు. అతనికి తెలుసు. అమ్మవారి చిల్లరలో చిరిగిన నోటు ఒకటి వస్తే, అది ఎవరు వేశారో తెలియక దాని బదులు తన నోటు వేసిన మనిషి.

"సారు చెప్పిందేంటో అది చెప్పు. అదే చెప్తా లోపల."

"అది వేరే విషయమమ్మా."

"అదే విషయం."

లహరి తండ్రి ముఖంలోకి చూసింది. ఏం కనబడిందో గానీ, తల తిప్పేసుకుంది.

"నాన్నా... అది మామూలు కాయినేనా?"

భవానీప్రసాద్ గుడి గోపురం వైపు చూశాడు. పావురాలు ఉన్నాయి.

"నేను చెప్పను లోపల," అంది లహరి నెమ్మదిగా. "నేను చెప్తే నేను చెప్పినట్టవుద్ది." మెట్లు దిగి స్కూటీ మీద కూర్చుంది. ఫోను తీసింది. చూడటం మాత్రం లేదు.

అతను కిటికీ దగ్గరికి నడిచాడు.

లోపల చాపల మీద ఆడవాళ్ళు. ముందు బల్ల దగ్గర అధ్యక్షురాలు నాగవల్లి. పక్కన ప్రసూన నిలబడి ఉంది. నుదుటి గుడ్డ తీసేసి బొట్టు పెద్దగా పెట్టుకుంది. కళ్ళ కింద వాపు మాత్రం కనబడుతోంది.

"...కారణం దాచను," అంటోంది. "మా ఇంటికి లక్ష్మి తనంతట తను వచ్చింది. ఆ బిళ్ళను నా చేత్తో తోమి పాడుచేశా. ఇంట్లో లక్ష్మినే నిలుపుకోలేని చేత్తో అమ్మవారి హుండీ తాళం తియ్యలేను. నా మనసొప్పటంలా."

చాపల మీద గుసగుసలు లేచాయి.

"అంత విలువైనదంటగా పాపం!"

"మా ఆయన కొట్టుకెళ్ళి చూసొచ్చాడు. కళ్ళకద్దుకుని మరీ వచ్చాడు."

"మా తమ్ముడైతే ఫొటో తీసుకున్నాడు."

"భవానీప్రసాద్ గారు ఎంత కుంగిపోయారో! వారం నుంచి మనిషి మెల్లగా నడుస్తున్నారు. చూళ్ళేకపోతున్నాం."

కిటికీ పక్కన భవానీప్రసాద్ గోడకి అతుక్కున్నాడు. తన నడకను చూసి ఇంతమంది బాధపడ్డారని తెలిస్తే నిన్నటి దాకా ఎంత బాగుండేదో. ఇప్పుడు ఆ మాట చెవిలో పులిసింది.

నాగవల్లి లేచింది. "ప్రసూన వదిన లేని హుండీని మనం ఊహించలేం," అంది గద్గదంగా. అంటూనే తాళంచెవి కోసం అరచెయ్యి ముందుకు చాపింది. "అయినా ఆవిడ మనసు కష్టపెట్టడం మన పద్ధతి కాదు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెయ్యెత్తండి. లేకపోతే ఒప్పుకున్నట్టే."

ఒక్క చెయ్యీ లేవలేదు.

ఎవరో ఒకరు ఎత్తుతారు, అనుకున్నాడు. ఇంతమందిలో ఒక్కరైనా ఎత్తకుండా ఉంటారా? వాళ్ళెత్తితే తను ఎత్తనక్కరలేదు. ఒక్కొక్క ముఖమే చూసుకుంటూ పోయాడు. మొదటి చాపలో ఒకావిడ చెయ్యి లేచింది. అతని ప్రాణం లేచొచ్చింది. ఆవిడ జడ సర్దుకుని చెయ్యి దించేసింది.

ప్రసూన నడుము దగ్గర ముడి విప్పుతోంది. ఏళ్ళ తరబడి వేసిన ముడి. వేళ్ళకి సులువుగా దొరకడం లేదు.

భవానీప్రసాద్ కుడిచెయ్యి చెవి దాకా లేచింది. అక్కడ ఆగి చెవి గోక్కుంది. వెనక స్కూటీ మీద లహరి చూస్తోందని వీపుకి తెలుస్తోంది. చెయ్యెత్తితే ఎందుకని అడుగుతారు. అడిగితే చెప్పాలి. అందరి ముందూ, నాగవల్లి ముందూ, కళ్ళకద్దుకున్న వాళ్ళ పెళ్ళాల ముందూ చెప్పాలి. మెట్టు దగ్గర్నుంచి చెప్పాలి.

ముడి ఊడింది.

అతను కిటికీ ఊచల సందులోంచి చేతిని లోపలికి తోశాడు. మోచెయ్యి ఇరుక్కుంది. ఇంకాస్త తోసి, చెయ్యి నిటారుగా పైకెత్తాడు.

"ఎవరది?" అంది నాగవల్లి.

ఆడవాళ్ళందరూ కిటికీ వైపు తిరిగారు. అందరికన్నా ఆలస్యంగా ప్రసూన తిరిగింది.

అతను చెయ్యి దించలేదు.